బార్సు బండ మీద చమురు లెక్కలు

రాజాపూర్ ఊరు దాటి బార్సు వైపు రోడ్డు ఎక్కితే చెట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. అప్పటిదాకా ఇరుపక్కలా మామిడి, జీడిమామిడి, పనస. ఆ తర్వాత కనుచూపు మేరా కాలిన ఇటుక రంగు బండ. మరాఠీలో దీన్ని సడా అంటారు. ఎండాకాలంలో దానిమీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేయలేం. వానలు పడగానే అదే బండ పచ్చగడ్డితో, చిన్న చిన్న పూలతో నిండిపోతుంది. పశువులను అక్కడికే తోలుతారు. సడా మీద పడ్డ వానే ఇంకి, దిగువన ఊళ్ల బావుల్లో ఊరుతుందని రైతులు చెబుతారు. రెవెన్యూ రికార్డు రాసేవారికి మాత్రం ఇది ఉత్త బండ.

ఈ ఉత్త బండ మీదే ప్రపంచంలో అతి పెద్ద చమురు శుద్ధి కర్మాగారాల్లో ఒకటి రావాల్సి ఉంది. ఏడాదికి 6 కోట్ల టన్నుల ముడిచమురు, సుమారు 3 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి. ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రోలియం, హిందుస్థాన్ పెట్రోలియం కలిసి 2017లో ఇందుకోసం ఒక కంపెనీ పెట్టాయి. 2018 ఏప్రిల్‌లో సౌదీ అరాంకో, జూన్‌లో అబూ ధాబీ జాతీయ చమురు సంస్థ అడ్నాక్ చేతులు కలిపాయి. మొదట అనుకున్న చోటు ఇదే తాలూకాలోని నాణార్. అక్కడ ఊళ్లు ఎదురుతిరగడంతో, ఎన్నికల ముందు 2019 మార్చిలో మహారాష్ట్ర ప్రభుత్వం భూసేకరణ నోటిఫికేషన్‌ను రద్దు చేసింది. 2022లో బార్సు పేరు పైకొచ్చింది. 2023 ఏప్రిల్ చివరి వారంలో మట్టి పరీక్షలకు డ్రిల్లింగ్ యంత్రాలు వస్తుంటే ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా పడుకున్నారు. పోలీసులు బాష్పవాయువు ప్రయోగించారు. ఆ తర్వాత యంత్రాలు వెళ్లిపోయాయి. కర్మాగారం రాలేదు.

ఇంత పెద్ద నిర్ణయానికి మూలం ఒక జోస్యం. రాబోయే ఇరవై ముప్పై ఏళ్లలో ప్రపంచం ఎంత చమురు తాగుతుంది, అందులో భారత్ వాటా ఎంత అన్నదే ఆ జోస్యం. దాన్ని చెప్పేవాళ్లు కొంకణ్‌లో ఉండరు. ముఖ్యంగా రెండు చోట్ల ఉంటారు. ఒకటి పారిస్. 1973 చమురు దెబ్బ తగిలాక, 1974లో కొనుగోలు దేశాలు పెట్టుకున్న అంతర్జాతీయ ఇంధన సంస్థ (ఐఈఏ) అక్కడుంది. రెండోది వియన్నా. అమ్మకందారుల కూటమి ఒపెక్ 1965 నుంచీ అక్కడే కాపురం. ఏటా రెండూ లావుపాటి నివేదికలు విడుదల చేస్తాయి. ఢిల్లీ, రియాద్, హూస్టన్‌లలో వాటిని పంచాంగంలా తిరగేస్తారు. చిక్కల్లా రెండు పంచాంగాలకూ తిథులు కలవకపోవడమే.

2025 జూన్‌లో ఐఈఏ చెప్పినదాని ప్రకారం ప్రపంచ గిరాకీ ఈ దశాబ్దం చివరికి రోజుకు 10.55 కోట్ల బ్యారెళ్ల దగ్గర చదునవుతుంది. మరుసటి నెలలో ఒపెక్ చెప్పింది వేరు. అసలు శిఖరమే కనబడటం లేదని, 2050లో రోజుకు దాదాపు 12.3 కోట్ల బ్యారెళ్లు కావాలని దాని లెక్క. పారిస్‌లోనైనా ఒకే మాట ఉందా అంటే అదీ లేదు. ఐఈఏ 2023 నివేదికలో 2050కి మూడు జవాబులున్నాయి. ప్రభుత్వాల ప్రస్తుత విధానాల బాటలో వెళితే 9.7 కోట్ల బ్యారెళ్లు. దేశాలు వాతావరణంపై చేసిన వాగ్దానాలన్నీ నిలుపుకుంటే 5.5 కోట్లు. నెట్ జీరో సాధిస్తే 2.4 కోట్లు. 2025 నవంబర్‌లో మరో తలుపు తెరిచారు. ఇప్పటికే అమల్లో ఉన్న చట్టాలు తప్ప కొత్తవేవీ రాకపోతే గిరాకీ 2050లో 11.3 కోట్ల బ్యారెళ్లకు చేరుతుందట. ఇవి జోస్యాలు కావు, ఫలానాది జరిగితే ఫలానాది అవుతుందని చెప్పే దృశ్యాలు మాత్రమేనని ఐఈఏ ప్రతి నివేదికలోనూ హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరిక చదివేవాళ్లు తక్కువ. అంకెను ఎత్తుకుపోయేవాళ్లే ఎక్కువ.

రాజాపూర్‌కు హైదరాబాద్ నుంచి రావడానికి మంచి దారి కొల్హాపూర్ మీదుగా అణుస్కురా ఘాట్. సహ్యాద్రి అంచు నుంచి మెలికలు తిరుగుతూ దిగుతుంటే చెవులు మూసుకుపోతాయి. కింద పాచల్, ఆ తర్వాత అర్జున నది ఒడ్డున రాజాపూర్. ఇప్పుడు నిద్రమత్తులో ఉన్నట్టు కనబడే ఈ ఊరు 17వ శతాబ్దంలో పేరున్న రేవు. ఇంగ్లిష్ వాళ్లకు ఇక్కడ వర్తక స్థావరం ఉండేది. 1660లో పన్హాళా ముట్టడిలో శివాజీకి వ్యతిరేకంగా వాళ్లు ఫిరంగులతో సాయం చేశారు. ఫలితం మరుసటి ఏడాదే అనుభవించారు. శివాజీ వచ్చి స్థావరాన్ని దోచుకుని, వర్తకులను ఖైదు చేశాడు. ఎవరు గెలుస్తారో తప్పుగా అంచనా వేసిన తొలి బహుళజాతి కంపెనీ వాళ్లదే కావచ్చు.

ఊరి శివారున ఉన్హాళేలో మరో వింత ఉంది. రాజాపూర్ గంగ. కొండవాలున కట్టిన 14 కుండాల్లో దాదాపు మూడేళ్లకోసారి నీరు ఉబికి, కొన్నాళ్లు పారి, మాయమవుతుంది. గంగ వచ్చిందంటే చుట్టుపక్కల జిల్లాల నుంచి జనం స్నానాలకు దిగుతారు. ఈ మధ్య ఆ మూడేళ్ల లెక్క తరచూ తప్పుతోంది. ఊరి పెద్దలకు అందులో ఇబ్బందేమీ లేదు. వచ్చినప్పుడు వెళ్లి మునుగుతారు. మూడేళ్ల లెక్క నమ్మి ఎవరూ అక్కడ పొలం అమ్ముకోలేదు.

చమురు గిరాకీ అంచనా ఎలా కడతారన్నది అంత బ్రహ్మవిద్యేమీ కాదు. జనాభా ఎంత పెరుగుతుంది, తలసరి ఆదాయం ఎంత, ఆ ఆదాయంలో ఎవరు స్కూటర్ కొంటారు, ఎవరు కారు కొంటారు, ఆ బండి లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుంది, ధర పెరిగితే ఎంతమంది బండి ఇంట్లో పెట్టి బస్సెక్కుతారు అన్నవే ప్రశ్నలు. వీటికి విమానాలు, ఓడలు, ప్లాస్టిక్ కలపాలి. రాజాపూర్ బజారులో వినాయక చవితికి ముందు వారం నిలబడితే ఈ సూత్రమంతా కళ్లముందే నడుస్తుంది. ముంబైలో ఉద్యోగాలు చేసే కొంకణ్ వాళ్లను ఇక్కడ చాకర్‌మానీలంటారు. ఒకప్పుడు ఎస్టీ బస్సుల్లో మూటలతో దిగేవారు. 1998లో కొంకణ్ రైల్వే పూర్తయ్యాక రైళ్లలో వచ్చారు. ఇప్పుడు కార్లలో వస్తున్నారు. ముంబై-గోవా రహదారి మీద ఆ నాలుగు రోజులు బంపర్‌కు బంపర్ తగిలేలా బారులు. రిఫైనరీ వద్దని రాసిన ఫ్లెక్సీ కిందే పెట్రోలు పోయించుకుంటున్న స్కూటర్లు. దీన్ని చూపించి ఎగతాళి చేసే పట్నవాసులున్నారు. కానీ పెట్రోలు వాడేవాళ్లంతా పెరట్లో రిఫైనరీ పెట్టించుకోవాలంటే ముందు బాంద్రాలోనూ బంజారాహిల్స్‌లోనూ పెట్టాలి.

ఈ సూత్రంలో ఆదాయం, జనాభా వరకూ లెక్క దాదాపు కుదురుతుంది. తప్పేది మలుపుల దగ్గర. 1973కు ముందు ప్రపంచ చమురు వాడకం ఏటా సుమారు 7 శాతం చొప్పున పెరుగుతుండేది. నిపుణులు స్కేలు పెట్టి ఆ గీతనే ముందుకు లాగారు. రెండు చమురు సంక్షోభాలు వచ్చాయి. 1979 తర్వాత వాడకం వరుసగా నాలుగేళ్లు పడిపోయింది. తిరిగి అదే స్థాయికి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. ఈ శతాబ్దం తొలి దశకంలో భయం తిరగబడింది. గిరాకీకి ఢోకా లేదు, భూమిలో చమురే అయిపోతోందన్నారు. 2008 జులైలో బ్యారెల్ 147 డాలర్లు తాకింది. తర్వాత అమెరికా షేల్ రాళ్లను పగలగొట్టి చమురు పారించింది. 2020 ఏప్రిల్ 20న అమెరికా ముడిచమురు ఫ్యూచర్స్ ధర సున్నా కంటే 37 డాలర్లు కిందికి పడింది. అంటే సరుకు తీసుకుపోతే ఎదురు డబ్బిస్తామన్నమాట. ఆ ఏడాదే బీపీ సంస్థ తన అంచనాల్లో మూడింట రెండు దృశ్యాల్లో 2019 స్థాయికి గిరాకీ ఇక ఎన్నటికీ రాదని రాసింది. మూడేళ్లు తిరిగేసరికి, 2023లో ప్రపంచం 2019 రికార్డును దాటేసింది.

పొరపాట్లు ఒకే వైపు జరిగితే సరిదిద్దుకోవచ్చు. ఇవి రెండు వైపులా జరుగుతాయి. పైగా చెప్పేవాళ్లకు సొంత ప్రయోజనాలున్నాయి. గిరాకీ తగ్గుతుందంటే బావుల్లో పెట్టుబడి ఆగిపోతుందని అమ్మకందారుల బెంగ. పెరుగుతుందంటే ప్రత్యామ్నాయాలు వెనకబడతాయని కొనేవాళ్ల బెంగ. 2023 సెప్టెంబర్‌లో ఐఈఏ అధిపతి ఫాతీ బిరోల్ బొగ్గు, చమురు, గ్యాస్ గిరాకీ 2030లోపే శిఖరం తాకుతుందని పత్రికలో వ్యాసం రాయగానే ఒపెక్ మండిపడింది. అమ్మేవాడూ కొనేవాడూ ఒకే ధర చెప్పే సంత ఎక్కడా ఉండదు.

అందరూ ఒప్పుకునే మాట ఒక్కటే. పెరుగుదల అంటూ ఉంటే అది భారత్‌లోనే. చైనాలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు సగం కరెంటువి, లేదా ప్లగ్ పెట్టి చార్జి చేసే హైబ్రిడ్‌లు. దాంతో ఇన్నాళ్లూ ప్రపంచ గిరాకీని భుజాన మోసిన దేశం అలసిపోయింది. ఆ కావడి భారత్ భుజానికి మారిందని ఐఈఏ 2024 ఫిబ్రవరి నివేదిక సారాంశం. 2023లో రోజుకు 54.8 లక్షల బ్యారెళ్లున్న మన వాడకం 2030కి 66.4 లక్షలవుతుందని అది లెక్కగట్టింది. పెరిగేది దాదాపు 12 లక్షల బ్యారెళ్లు. బార్సు రిఫైనరీ సామర్థ్యం కూడా రోజుకు 12 లక్షల బ్యారెళ్లే. అంటే ఏడేళ్లలో దేశంలో పెరుగుతుందన్న మొత్తం గిరాకీకి ఈ ఒక్క బండ సరిపోయేది. ఒపెక్ లెక్కలో 2050 నాటికి భారత్ అదనంగా 82 లక్షల బ్యారెళ్లు తాగుతుంది. అది నిజమైతే ఇలాంటి బండలు ఏడు కావాలి.

అంకెలను ఇలా నేల మీదికి దించి చూస్తే ఇంకొకటి బయటపడుతుంది. 2017-18లో దేశంలో పెట్రోలియం ఉత్పత్తుల వాడకం 20.6 కోట్ల టన్నులు. 2024-25లో సుమారు 23.9 కోట్లు. ఏడేళ్లలో పెరిగింది 3.3 కోట్ల టన్నులు. నాణార్ రిఫైనరీ అప్పుడే కట్టేసి ఉంటే దాని సామర్థ్యంలో సగం మీద కాస్త మాత్రమే ఇక్కడ ఖర్చయ్యేది. మధ్యలో కోవిడ్ వచ్చిందన్నది నిజమే. ఆ కోవిడ్ ఏ అంచనాలోనూ లేదన్నదీ నిజమే. 2020 అక్టోబర్‌లో ప్రధాని నరేంద్ర మోదీ దేశ శుద్ధి సామర్థ్యాన్ని సుమారు 25 కోట్ల టన్నుల నుంచి 2025 నాటికి 40 కోట్లకు పెంచుతామన్నారు. 2025లో అది 25.8 కోట్ల దగ్గరుంది. అయినా పెట్రోలు బంకుల ముందు క్యూలు కనబడలేదు. ఉన్న రిఫైనరీలే దేశ అవసరం తీర్చి, మిగిలింది ఎగుమతి చేశాయి. మన కష్టం శుద్ధి చేయడంలో లేదు, శుద్ధి చేయడానికి కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా బయటినుంచి తెచ్చుకోవడంలో ఉంది.

అలాగని గిరాకీ తగ్గిపోతుందని కూర్చోవడానికీ లేదు. మన ఊళ్లలో 2024లో అమ్ముడైన మూడు చక్రాల బండ్లలో సగానికి పైగా కరెంటువే. కార్లలో మాత్రం ఆ వాటా ఆ ఏడాది రెండు శాతం దరిదాపుల్లోనే. లారీల డీజిల్‌కు ఇంకా మందు దొరకలేదు. పెయింటు డబ్బా, నీళ్ల పైపు, బకెట్, పాల ప్యాకెట్ - వీటికీ నాఫ్తా కావాలి. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరు బ్యారెళ్లలో ఒకటి పెట్రోకెమికల్స్‌కే పోతుందని ఐఈఏ అంచనా. కారు మానేసినవాడు కూడా బకెట్ మానడు కదా.

రత్నగిరి జిల్లాకు జోస్యాలతో ఇది మొదటి అనుభవం కాదు. ఉత్తరాన గుహాగర్ తాలూకాలో, వాశిష్ఠి నది ముఖద్వారం దగ్గర ఎన్రాన్ దభోల్ ప్లాంటు ఉంది. 1992లో అవగాహన కుదిరినప్పుడు మహారాష్ట్రకు కరెంటు ఎంత ఉన్నా చాలదన్నది అంచనా. అంత ఖరీదైన కరెంటు గిట్టుబాటు కాదని 1993లోనే ప్రపంచ బ్యాంకు అప్పివ్వడానికి నిరాకరించింది. అయినా కట్టారు. 1999లో నాఫ్తాతో 740 మెగావాట్లు మొదలయ్యాయి. ఆ ధర పెట్టి కొనలేక 2001లో రాష్ట్ర విద్యుత్ బోర్డు చేతులెత్తేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో ఎన్రాన్ దివాలా తీసింది. ఇక రాజాపూర్ తాలూకాలోనే, సముద్రం ఒడ్డున, జైతాపూర్ అణు విద్యుత్ కేంద్రానికి కేటాయించిన భూమి కంచె వేసి ఉంది. ఆరు రియాక్టర్లు, 9,900 మెగావాట్లు. 2011 ఏప్రిల్‌లో అక్కడ నిరసనల్లో పోలీసు కాల్పులకు ఒకరు బలయ్యారు. ఫ్రెంచ్ కంపెనీతో ఒప్పందం కుదిరింది 2010లో. ఆ తర్వాత పదిహేనేళ్లు గడిచినా రియాక్టర్ నిర్మాణం మొదలుకాలేదు. ఒకే జిల్లా, మూడు ఇంధనాలు, మూడు భారీ అంచనాలు.

ఈ చరిత్ర తెలిసినవాళ్లకు బార్సులో జనం ఎందుకు నమ్మరో వేరే చెప్పక్కర్లేదు. అయితే ఊళ్లన్నీ ఒక్క మాట మీద ఉన్నాయనడం కూడా అబద్ధం. రాజాపూర్ బజారులో వ్యాపారుల్లో, డిప్లొమా చేసి ఖాళీగా ఉన్న కుర్రాళ్లలో రిఫైనరీ కావాలనేవాళ్లు తక్కువేమీ లేరు. వాళ్ల వాదనకూ ఆధారముంది. 2001లో 16.97 లక్షలున్న ఈ జిల్లా జనాభా 2011కి 16.15 లక్షలకు తగ్గింది. వెయ్యి మంది మగవాళ్లకు 1,122 మంది ఆడవాళ్లు. మగవాళ్లు ముంబైలో ఉన్నారు. జాంభా రాయితో కట్టిన చక్కని పెంకుటిళ్లకు తాళాలు. తోటల కాపలాకు నేపాల్ నుంచి మనుషులను తెచ్చుకుంటారు. హాపూస్ మామిడి బంగారమే. కానీ డిసెంబర్‌లో పూత నిలవకపోయినా, మార్చిలో ఎండ మండిపోయినా ఆ ఏడు బంగారం ఇత్తడే. చమురు గిరాకీ ఎంతో చెప్పలేని లోకంలో మామిడి పూత ఎంతో చెప్పడం ఇంకా కష్టం.

భూముల వ్యవహారం దీన్ని మరింత కలుషితం చేసింది. రిఫైనరీ వస్తుందన్న చోట్ల బయటివాళ్లు ముందే భూములు కొని పెట్టుకున్నారన్న ఆరోపణలు నాణార్ రోజుల నుంచీ ఉన్నాయి. ఈ ప్రాజెక్టు గురించి, దాని వెంట తిరిగే భూముల దళారుల గురించి రాసిన స్థానిక విలేకరి శశికాంత్ వారిశే 2023 ఫిబ్రవరిలో రాజాపూర్ దగ్గర రోడ్డు మీద ఒక వాహనం గుద్దేయడంతో మరణించారు. పోలీసులు హత్య కేసు పెట్టారు. పారిస్‌లో అంచనా తప్పితే మరుసటి ఏడాది కొత్త సంచికలో అంకె మారుస్తారు. ఇక్కడ అంచనాను నమ్మి భూమి కొన్నవాడు దాన్ని నిజం చేయడానికి ఎంత దూరమైనా వెళతాడన్న భయం జనంలో పాతుకుపోయింది.

బార్సు బండ మీద చూడాల్సింది మరొకటుంది. వంగి చూస్తే రాతిలో చెక్కిన గీతలు కనబడతాయి. మరాఠీలో కాతళ్ శిల్పాలు. నిలువెత్తు మనిషి కంటే పెద్ద మానవాకృతి, దానికి ఇరువైపులా పులుల్లాంటి రెండు జంతువులు. వేల ఏళ్ల నాటివి. ఎవరు చెక్కారో, ఎందుకు చెక్కారో ఇంకా తేలలేదు. 2022లో కొంకణ్ రాతి చెక్కడాలను యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చినప్పుడు అందులో బార్సు పేరూ ఉంది. చుట్టూ రాళ్లు పేర్చి హద్దు పెట్టారు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు గీతలు స్పష్టంగా లేస్తాయి. వెళ్లదలచుకున్నవారు అప్పుడే వెళ్లాలి. చెప్పులు తీసి, గీతల మీద కాలు పెట్టకుండా నడవాలి.

కొంకణ్‌లో దారి దొరకని పెట్టుబడి వేరే తీరాలు వెతుక్కుంటోంది. బ్రహ్మాండమైన ఒక్క రిఫైనరీ బదులు చిన్నవి నాలుగైదు చోట్ల అన్న ఆలోచన బలపడింది. అందులో ఒకటి మన రామాయపట్నం. నెల్లూరు, ప్రకాశం సరిహద్దు తీరంలో 90 లక్షల నుంచి 1.2 కోట్ల టన్నుల రిఫైనరీ, పెట్రోకెమికల్ సముదాయం కోసం ప్రాథమిక పనులకు 6,100 కోట్ల రూపాయలు ఖర్చు చేయడానికి భారత్ పెట్రోలియం బోర్డు 2024 డిసెంబర్‌లో ఒప్పుకుంది. సుమారు 6,000 ఎకరాల మాట వినబడింది. బార్సుకు వస్తానన్న సౌదీ అరాంకో ఈ ప్రాజెక్టులో వాటా కోసం చర్చిస్తోందని 2025 మార్చిలో వార్తలొచ్చాయి. అక్కడ సడా లేదు. ఇసుక, సరుగుడు తోటలు, వలలు, పక్కనే రేవు పనులు.

రిఫైనరీ ఆయుష్షు మనిషి ఆయుష్షు కంటే తక్కువేమీ కాదు. అస్సాంలోని డిగ్బోయ్ 1901 నుంచి నడుస్తోంది. విశాఖలో 1957లో కాల్టెక్స్ వెలిగించిన పొయ్యి హిందుస్థాన్ పెట్రోలియం చేతిలో ఇప్పటికీ మండుతోంది. ఈ మధ్యే దాన్ని 83 లక్షల టన్నుల నుంచి 1.5 కోట్ల టన్నులకు పెంచే పని చేపట్టారు. రామాయపట్నంలో 2030 దరిదాపుల్లో మంట మొదలై, విశాఖంత కాలం నిలిస్తే అది దాదాపు 2100 దాకా మండాలి. పారిస్ పట్టికలోనూ వియన్నా పట్టికలోనూ చివరి గడి 2050.